ఫెర్గస్ సూటర్ నిజంగా తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడేనా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. 2020లో వచ్చిన ‘ద ఇంగ్లిష్ గేమ్’ వెబ్ సిరీస్ చూశాక, అందులో కథానాయకుడైన ఫెర్గస్ సూటర్ నిజంగానే ప్రపంచంలో తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడా అని అడిగారు. సిరీస్‌లో చూపినట్లు 1883 నాటి ఎఫ్‌ఏ కప్పు, అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) నడిపే పోటీ కప్పు, అతడు గెలిచిందేనా అన్నది రెండో ముక్క. ఆడినందుకు డబ్బు పుచ్చుకోవడం ఆ రోజుల్లో అంత పెద్ద తప్పు ఎలా అయిందన్నది మూడోది.

సూటర్ తొలివాడని తేల్చే కాగితం ఏదీ లేదు. అతనికంటే రెండేళ్ల ముందే జేమ్స్ లాంగ్ అనే మరో స్కాట్లాండ్ ఆటగాడు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో డబ్బు కోసం ఆడాడు. 1883 కప్పు సూటర్‌ది కాదు. అతడు గెలిచినవి 1884, 1885, 1886 సంవత్సరాల కప్పులు. మూడో ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు కుదరదు, అందుకే ఈ సమాధానం ఇంత పొడవైంది. అయితే ఒక మాట ముందే చెప్పాలి. ఎవరు మొదటివాడన్న పందెం పక్కన పెడితే, ఫుట్‌బాల్ కులాసా కాలక్షేపం నుంచి కూలీ దొరికే పనిగా మారిన పదేళ్ల చరిత్ర మొత్తం ఒకే మనిషి బతుకులో కనిపించాలంటే సూటర్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. యువకుడిగా సికింద్రాబాద్‌లో ఒక ప్రభుత్వ రంగ సంస్థ జట్టుకు ఆడాను, ఆ తర్వాత చాలాకాలం దినపత్రికలో క్రీడల పేజీ చూశాను. 1870, 1880 దశకాల బ్రిటిష్ పత్రికల స్కాన్ ప్రతులు చదవడం పదవీ విరమణ తర్వాత పట్టుకున్న వ్యసనం. ఈ రెండు అనుభవాలూ ఈ ప్రశ్నకు ఎలా పనికొస్తాయో కిందికి వెళ్లేసరికి మీకే తెలుస్తుంది.

ముందు లాంగ్ సంగతి చూద్దాం. గ్లాస్గో పక్కన క్లైడ్ నది ఒడ్డున ఉన్న ఓడల కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో అతనికి ఒక కన్ను పోయింది. అయినా క్లైడ్స్‌డేల్, థర్డ్ లానార్క్ జట్లకు ఆడి, 1876లోనూ 1878లోనూ వేల్స్‌పై స్కాట్లాండ్ తరఫున బరిలోకి దిగాడు. గ్లాస్గో, షెఫీల్డ్ నగరాల జట్లు ఏటేటా తలపడే రోజులవి. ఆ మ్యాచ్‌లో అతని ఆట చూసిన షెఫీల్డ్ వాళ్లు 1876లో ‘ద వెన్స్‌డే’ క్లబ్బుకు పిలిపించుకున్నారు. క్లబ్బుకు చెందిన ఒక పెద్దమనిషి కత్తుల కర్మాగారంలో అతనికి ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగమంటే పత్రిక చదువుకుంటూ కూర్చోవడమే. లాంగ్ దాచిపెట్టే రకం కాదు. తాను షెఫీల్డ్ వెళ్లింది ఫుట్‌బాల్ కోసమేననీ, తొలి ప్రొఫెషనల్‌ని తానేననీ ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు. అదే కాలంలో పీటర్ ఆండ్రూస్ అనే మరో స్కాట్లాండ్ ఆటగాడు షెఫీల్డ్‌లోని హీలీ జట్టుకు ఆడాడు, అతని పేరు కూడా ఈ వరుసలో చెప్పేవారున్నారు.

లాంగ్ ఉద్యోగం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. నాకు స్పోర్ట్స్ కోటాలో వచ్చింది గుమాస్తా పోస్టు. ఉదయం వెళ్లి హాజరుపట్టీలో సంతకం చేయడం, సెక్షన్ హెడ్ బల్ల ముందు కాసేపు కనిపించడం, పది దాటగానే బూట్ల సంచీ భుజాన వేసుకుని గ్రౌండుకు బయలుదేరడం, ఇదీ మా డ్యూటీ. నా పేరు మీద ఉన్న ఫైళ్లను పక్క సీటాయన చూసుకునేవారు. జీతం కాగితం మీద గుమాస్తా అనే ఉండేది, ఫుట్‌బాల్ అన్న మాట ఎక్కడా ఉండేది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు గెలిచినప్పుడు, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తినప్పుడు, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన ఆ ఆటగాళ్లకు కూడా పోలీసు శాఖ ఉద్యోగమే అన్నం పెట్టింది. అందువల్ల ‘ఉద్యోగం ఇచ్చాం, జీతం ఇచ్చాం, ఆటకు మాత్రం పైసా ఇవ్వలేదు’ అన్న మాటలో అబద్ధమెంత, నిజమెంత అన్నది మా తరానికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 1880లలో ఇంగ్లండ్‌లో జరిగిన గొడవ అంతా సరిగ్గా ఆ గీత ఎక్కడ గీయాలన్న దాని మీదే.

ఇప్పుడు సూటర్ దగ్గరికి వద్దాం. 1857లో గ్లాస్గోలో పుట్టాడు. వృత్తి రాళ్లు చెక్కి కట్టడాలకు అమర్చే పని. గ్లాస్గో నగరంలోని వరుస ఇళ్లు ఇసుకరాతి కట్టడాలు కాబట్టి ఆ పని తెలిసినవాడికి సాధారణంగా కూలీకి లోటుండదు. ఆడింది పార్టిక్ క్లబ్బుకు. ఈ క్లబ్బు వేరు, నేటికీ ఆడుతున్న పార్టిక్ థిసిల్ వేరు; ఇంటర్నెట్‌లో చాలామంది రెంటినీ కలిపేస్తున్నారు. ప్రపంచంలో తొలి అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్, అంటే స్కాట్లాండ్, ఇంగ్లండ్ జట్లు 1872 నవంబర్ 30న గోల్ లేకుండా డ్రాగా ముగించిన ఆట, జరిగింది ఇదే పార్టిక్ ప్రాంతంలోని హామిల్టన్ క్రెసెంట్ క్రికెట్ మైదానంలో. సూటర్‌కు అప్పుడు పదిహేనేళ్లు.

ఆ డ్రాలో ఉన్న విశేషం స్కోరు కాదు, ఆడిన తీరు. ఇంగ్లండ్ ఆటగాళ్లు ఒంటరిగా బంతిని డ్రిబుల్ చేసుకుంటూ దూసుకుపోవడం, బంతి జారితే అందుకోవడానికి మిగతావాళ్లు వెంటపడి పరుగెత్తడం, ఇదే ఫుట్‌బాల్ అనుకునేవారు. ఆ రోజు స్కాట్లాండ్ పదకొండుగురూ క్వీన్స్ పార్క్ క్లబ్బు వాళ్లే, ఒంటి బరువులో ఇంగ్లండ్ వాళ్లకంటే తక్కువ. భుజబలంతో నెగ్గుకురాలేని చోట బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఖాళీలోకి కదలడం గ్లాస్గో కుర్రాళ్లకు అలవాటైంది. ఫలితం తరువాతి ఏళ్లలో కనిపిస్తుంది: 1878లో స్కాట్లాండ్ 7-2తో, 1881లో 6-1తో, 1882లో 5-1తో ఇంగ్లండ్‌ను చిత్తుచేసింది. గ్లాస్గో నుంచి వచ్చిన ఒక మామూలు క్లబ్బు ఆటగాడికి కూడా ఉత్తర ఇంగ్లండ్‌లోని లాంకషైర్ క్లబ్బులు రైలు ఖర్చులు ఇచ్చి ఎందుకు పిలిపించుకున్నాయో ఈ మూడు స్కోర్లు చూస్తే చాలు.

1878 ఆరంభంలో పార్టిక్ జట్టు లాంకషైర్ వచ్చి డార్వెన్, బ్లాక్‌బర్న్ రోవర్స్ జట్లతో ఆడింది. సూటర్ ముఖం డార్వెన్ వాళ్లకు అప్పుడే తెలిసింది. అయితే అతడు అక్కడికి మకాం మార్చింది అదే ఏడాది చివర్లో, మధ్యలో ఒక పెద్ద సంఘటన జరిగింది. 1878 అక్టోబర్ 2న సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు మూతపడింది. వాటాదారుల బాధ్యతకు పరిమితి లేని బ్యాంకు అది. అప్పులు తీర్చడానికి వాటాదారుల ఇళ్లూ ఆస్తులూ కూడా పోయాయి, మెజారిటీ వాటాదారులు దివాలా తీశారు. ఆ దెబ్బ నేరుగా తగిలింది ఇళ్లు కట్టించే వ్యాపారానికి, దాని వెనుకనే రాతిపనివాళ్లకు. సూటర్ ప్రయాణాన్ని కేవలం ఫుట్‌బాల్ కథగా చెప్పేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు. నా అంచనాలో ఇదే ముఖ్యం. పని లేని ఊరి నుంచి పని దొరికే ఊరికి వెళ్లిన కూలీ అతడు. అదనంగా అతని కాళ్లలో మరో విద్య ఉంది.

డార్వెన్ నూలు మిల్లుల ఊరు. తెలుగు పాఠకులకు ఈ పేరు మరో సందర్భంలో తగిలి ఉండవచ్చు: విదేశీ వస్త్ర బహిష్కరణతో పనులు పోయిన మిల్లు కార్మికులను కలవడానికి 1931 సెప్టెంబర్‌లో గాంధీజీ వెళ్లింది ఈ డార్వెన్‌కే. అక్కడి పెద్ద మిల్లు పేరు ‘ఇండియా మిల్’. దాని ఎత్తైన పొగగొట్టం ఇప్పటికీ ఊరికి గుర్తుగా నిలిచి ఉంది. సూటర్ దిగేనాటికే ఆ మిల్లు నడుస్తోంది. శనివారం మధ్యాహ్నం మిల్లులకు సెలవు కాబట్టి ఆడటానికి కుర్రాళ్లు, చూడటానికి టిక్కెట్టు కొనే జనం ఉండేవారు. క్లబ్బుల చేతిలో డబ్బు ఆడటం మొదలైంది ఆ గేటు దగ్గరే.

డార్వెన్‌లో సూటర్ మొదట రాతిపనే చేశాడు, కొద్దికాలానికే మానేశాడు. 1902లో ఒక లాంకషైర్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో కారణం తానే చెప్పాడు: ఇంగ్లండ్ రాయి స్కాట్లాండ్ రాయికంటే గట్టిదట, చెక్కుతుంటే చేతులు వాచిపోయేవట. ఆ మాట ఎంతవరకు నిజమో కానీ నాకైతే నవ్వు వచ్చింది. మా సంస్థలో ఆటగాళ్లు సెక్షన్ నుంచి తప్పించుకోవడానికి చెప్పిన సాకులు ఇంతకంటే గొప్పవేమీ కావు. అదే ఇంటర్వ్యూలో అసలు గుట్టు కూడా విప్పాడు. నిర్ణీతమైన జీతమంటూ లేదనీ, అవసరమైనప్పుడు క్లబ్బు కోశాధికారిని కలిసేవాళ్లమనీ, ఒక్కోసారి మూడు వారాలు ఏమీ తీసుకోకుండా ఉండి ఆ తర్వాత పది పౌండ్లు అడిగేవాళ్లమనీ, ఇవ్వడానికి వాళ్లు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదనీ అన్నాడు. నైపుణ్యమున్న పనివాడి కూలీ వారానికి రెండు పౌండ్లు దాటని రోజులవి. పది పౌండ్లను మూడు వారాలకు పంచి చూడండి, రాయి హఠాత్తుగా ఎందుకంత గట్టిపడిందో అర్థమవుతుంది.

మీ మొదటి ప్రశ్నకు తిరుగులేని జవాబు ఎందుకు దొరకదో కూడా ఈ ఇంటర్వ్యూలోనే ఉంది. ఒప్పందపత్రం లేదు, నెలజీతం లేదు, రసీదు లేదు. నోటిమాట మీద జరిగిన లెక్క అది. రుజువు మిగలకుండా చూసుకోవడమే ఆ ఏర్పాటు ఉద్దేశం. కాబట్టి ఎవరైనా ‘తొలి ప్రొఫెషనల్ ఫలానా’ అని ఖచ్చితంగా రాస్తే, అది పేరుబడ్డ తొలివాడు అన్న అర్థంలో మాత్రమే తీసుకోండి. సూటర్, లాంగ్ ఇద్దరికీ ముందు ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరి బూట్లలో నాణేలు పెట్టి ఉంటారు. మనకు పేరు దక్కలేదంతే.

1879 నాటి కప్పు పోటీ సూటర్‌ను, డార్వెన్‌ను దేశమంతటికీ పరిచయం చేసింది. అప్పటికి పార్టిక్ నుంచే వచ్చిన జిమ్మీ లవ్ కూడా డార్వెన్ తరఫున ఆడుతున్నాడు. ఎఫ్‌ఏ కప్ క్వార్టర్ ఫైనల్లో ఎదురైనది ఓల్డ్ ఈటనియన్స్, అంటే ఈటన్ బడిలో చదివిన కులీనుల జట్టు. మ్యాచ్ లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్‌లో ఫిబ్రవరి 13న జరిగింది. ఆ రోజు గురువారం. మిల్లు కార్మికుడికి గురువారం అంటే కూలీ రోజు. లండన్ వెళ్లి రావడమంటే రైలు చార్జీతో పాటు ఆ కూలీ కూడా పోయినట్లే. డార్వెన్ ఒక దశలో 5-1తో వెనుకబడింది, ఆట ముగియడానికి పావుగంట ముందు కూడా స్కోరు అదే. అక్కడి నుంచి నాలుగు గోల్స్ చేసి 5-5 చేశారు. దూరాభారం తప్పుతుందని అదనపు సమయం ఆడదామని డార్వెన్ అడిగితే ఓల్డ్ ఈటనియన్స్ ఒప్పుకోలేదు. ఆనాటి నిబంధన ప్రకారం మళ్లీ ఆడాల్సింది కూడా లండన్‌లోనే. ఊరంతా చందాలు వేసుకుని జట్టును పంపింది. ఎఫ్‌ఏ కొంత, ప్రత్యర్థులైన ఓల్డ్ ఈటనియన్స్ కొంత ఆ చందాలో వేశారు. రెండో మ్యాచ్ మార్చి 8న 2-2, మార్చి 15న మూడో మ్యాచ్‌లో డార్వెన్ 6-2తో ఓడింది. ఓల్డ్ ఈటనియన్స్ ఆ ఏడాది కప్పు గెలిచారు.

ఓటమి సంగతి అలా ఉంచండి. నెల రోజుల్లో మూడుసార్లు లండన్ వెళ్లి వచ్చిన జట్టు మూడో ఆటలో చేతులెత్తేయడం అలసట వల్లా, ఆట వల్లా అని నన్నడిగితే అలసట వల్లనే అంటాను. డబ్బు తీసుకోవడం తప్పెందుకైందన్న మీ మూడో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఓల్డ్ ఈటనియన్స్ ఆటగాడికి గురువారం మధ్యాహ్నం ఓవల్‌కు రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చు లెక్కలోకి రాదు. అలాంటివాడికి ఆట కోసమే ఆట అన్న సూత్రం సులువుగా పాటించగలిగిన ధర్మం. మగ్గం దగ్గర నిలబడేవాడికి అదే సూత్రం వర్తింపజేస్తే ఫలితం ఒకటే: అతడు ఇంట్లో కూర్చోవాలి. సూత్రం మంచిదా చెడ్డదా అన్న చర్చలో ఈ సంగతి మరుగున పడిపోతుంది.

అయితే డబ్బును వ్యతిరేకించినవాళ్లందరూ దురహంకారులని సిరీస్ చూసి అనుకోవద్దు. వాళ్ల భయాల్లో ఒకటి నిజమైంది. ధనికులున్న క్లబ్బు పక్క ఊరి ఆటగాడిని కొనేస్తే సొంత ఊరి కుర్రాళ్ల జట్టు అన్న మాటకు అర్థముండదని వాళ్లన్నారు. సూటరే దానికి ఉదాహరణ. 1880లో అతడు డార్వెన్ వదిలి నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న బ్లాక్‌బర్న్ రోవర్స్‌కు వెళ్లిపోయాడు. రోవర్స్ వాళ్లు 100 పౌండ్లు ఇచ్చి లాక్కున్నారని డార్వెన్‌లో గుప్పుమంది. రుజువు కాలేదు, ఎవరూ మరచిపోనూ లేదు. ఆ తర్వాత ఈ రెండు జట్లు తలపడ్డప్పుడు జనం మైదానంలోకి దూసుకొచ్చి ఆట ఆగిపోయేవరకు వెళ్లింది. మన లీగుల్లో ఆటగాడు ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారిన ఏడాది గ్రౌండులో వినిపించే తిట్లు విన్నవారికి ఆ వాతావరణం ఊహించడం కష్టం కాదు. ఒక ఆటగాడు మారాడని రెండు ఊళ్లు కొట్టుకునేంత పంతం లాంకషైర్ ఫుట్‌బాల్‌లో కనిపించిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

రోవర్స్‌లో సూటర్ ఫుల్‌బ్యాక్, అంటే వెనుక వరుసలో ఉండి గోల్‌ను కాపాడే ఆటగాడు. ఆ జట్టులో అతడొక్కడే స్కాట్లాండ్ వాడు కాదు: గ్లాస్గో రేంజర్స్ నుంచి వచ్చిన హ్యూ మెకింటైర్, రెన్‌ఫ్రూ నుంచి వచ్చిన జిమ్మీ డగ్లస్ ఉన్నారు, తర్వాత జాన్ ఇంగ్లిస్ కలిశాడు. 1882లో రోవర్స్ కప్పు ఫైనల్ చేరింది. లండన్, బడులు, సైన్యం, విశ్వవిద్యాలయాల చుట్టూ తిరిగిన ఆ పోటీలో ఉత్తరాది పారిశ్రామిక పట్టణపు జట్టు ఫైనల్ ఆడటం అదే మొదలు. మళ్లీ ఓల్డ్ ఈటనియన్సే ఎదురయ్యారు, రోవర్స్ 1-0తో ఓడింది. గెలిచిన ఆనందంలో ఈటనియన్స్ కెప్టెన్ ఆర్థర్ కిన్నెయిర్డ్ పెవిలియన్ ముందు చేతుల మీద తలకిందులుగా నిలబడ్డాడు.

ఇక్కడే సిరీస్ చరిత్రను వంచింది. 1883లో ఓల్డ్ ఈటనియన్స్‌ను అదనపు సమయంలో 2-1తో ఓడించి కప్పును తొలిసారి శ్రామికుల చేతికి తెచ్చింది బ్లాక్‌బర్న్ ఒలింపిక్. అదే ఊళ్లోని వేరే క్లబ్బు. సూటర్‌కు ఆ జట్టుతో సంబంధం లేదు. కథ సౌలభ్యం కోసం రెండు క్లబ్బులనూ కలిపి ఒకే ‘బ్లాక్‌బర్న్’ చేశారు. కథకు అది అవసరమే కావచ్చు. ఒలింపిక్ జట్టుకు మాత్రం అన్యాయం జరిగింది. ఆ క్లబ్బు 1889లోనే మూతపడింది, దాని పేరు నిలిచింది ఆ ఒక్క కప్పు వల్లనే.

సూటర్ విజయాలు ఆ మరుసటి ఏడాది నుంచి మొదలయ్యాయి. 1884 ఫైనల్లో రోవర్స్ 2-1తో గెలిచింది, 1885లో 2-0తో. రెండుసార్లూ ప్రత్యర్థి గ్లాస్గో క్వీన్స్ పార్క్. ‘ఆట కోసమే ఆట’ అన్న అర్థమిచ్చే లాటిన్ వాక్యమే ఆ క్లబ్బు నినాదం. 2019 దాకా ఆటగాళ్లకు డబ్బు ఇవ్వని క్లబ్బు అది. పాసింగ్ ఆటను కనిపెట్టిన అమెచ్యూర్ స్కాట్లాండ్ జట్టును, ఆ ఆటనే అమ్ముకోవడానికి వలస వచ్చిన స్కాట్లాండ్ ఆటగాళ్లున్న జట్టు వరుసగా రెండేళ్లు ఓడించిందన్నమాట. 1884లో క్వీన్స్ పార్క్ చేసిన రెండు గోల్స్‌ను రెఫరీ రద్దు చేశాడన్న గొడవ కూడా ఉంది. బ్లాక్‌బర్న్ నుంచి లండన్ వచ్చిన అభిమానుల బట్టలను, యాసను వెక్కిరిస్తూ ఒక లండన్ పత్రిక రాసిన రాతలు ఇప్పుడు చదివితే, పందెం ఫుట్‌బాల్ కంటే పెద్దదని తెలుస్తుంది. 1886లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌తో ఓవల్‌లో 0-0, డర్బీ పట్టణంలో మళ్లీ ఆడి 2-0. వరుసగా మూడు కప్పులు గెలిచినందుకు రోవర్స్‌కు ప్రత్యేకంగా వెండి షీల్డు ఇచ్చారు. నాలుగు ఫైనళ్లు, మూడు పతకాలు: రాతిపని మానేసిన మనిషికి అది తక్కువేమీ కాదు.

ఇక నిబంధనల సంగతి. 1882లో ఎఫ్‌ఏ ఒక నియమం తెచ్చింది: వాస్తవంగా అయిన ఖర్చులు, వాస్తవంగా పోయిన కూలీ తప్ప మరే రూపంలోనైనా ప్రతిఫలం తీసుకున్నవాడు ఎఫ్‌ఏ పరిధిలోని పోటీలకు అనర్హుడు. చదవడానికి న్యాయంగానే ఉంది. పోయిన కూలీ ఎంతో తేల్చేది ఎవరు? యజమానే క్లబ్బు పెద్ద అయితే ఆయన రాసిందే కూలీ. ఒకే క్లబ్బు రెండు రకాల లెక్కల పుస్తకాలు పెట్టేదన్న ఆరోపణ అప్పట్లోనే ఉంది. 1883లో అక్రింగ్టన్ క్లబ్బును ఎఫ్‌ఏ బహిష్కరించింది. 1884 జనవరిలో ప్రెస్టన్ నార్త్ ఎండ్‌తో డ్రా చేసుకున్న లండన్ జట్టు అప్టన్ పార్క్, ప్రెస్టన్ వాళ్లు డబ్బిచ్చి ఆడిస్తున్నారని ఫిర్యాదు చేసింది. ప్రెస్టన్‌ను నడిపే విలియం సుడెల్ మిల్లు మేనేజర్. అందరూ చేసే పనే చేశామని, ఆటగాళ్లకు ఉద్యోగాలు చూపించామని ఆయన ఒప్పుకున్నాడు. ప్రెస్టన్‌ను ఆ ఏడాది పోటీ నుంచి తప్పించారు. ఎడిన్‌బరోలో ఇంటి పైకప్పులకు పలకలు పరిచే నిక్ రాస్ ప్రెస్టన్‌కు వచ్చింది ఈ గొడవ ముదిరిన 1883లోనే. ఇంగ్లండ్‌లోని మేటి ఫుల్‌బ్యాక్‌లలో ఒకడనిపించుకుని, 1894లో క్షయతో ముప్పైల ఆరంభంలోనే చనిపోయాడు.

ఆ తర్వాత ఉత్తరాది క్లబ్బులు మాంచెస్టర్‌లో సమావేశమై ఎఫ్‌ఏను వదిలి వేరే సంఘం పెట్టుకుంటామని బెదిరించాయి. ఎఫ్‌ఏ దిగివచ్చి 1885 జులై 20న డబ్బుకు ఆడటాన్ని షరతులతో చట్టబద్ధం చేసింది. ప్రొఫెషనల్ తన పేరు ఏటా నమోదు చేయించుకోవాలి, సంఘం కమిటీల్లో కూర్చోరాదు, కప్పు మ్యాచ్ ఆడాలంటే మైదానానికి ఆరు మైళ్ల లోపు పుట్టి ఉండాలి లేదా రెండేళ్లు నివసించి ఉండాలి. ఆఖరి షరతు కొత్తగా స్కాట్లాండ్ నుంచి రాబోయే వాళ్లను ఆపడానికి పెట్టింది. ఏడేళ్లుగా లాంకషైర్‌లోనే ఉంటున్న సూటర్‌కు దానివల్ల ఏ ఇబ్బందీ కలగలేదు. తేడా ఏమిటంటే, 1884 పతకం నాటికి అతడు చట్టం కళ్లుగప్పి ఆడుతున్నవాడు, 1886 పతకం నాటికి చట్టం ఒప్పుకున్న పనివాడు. చేసిన పని మాత్రం రెండుసార్లూ ఒకటే.

దీని తర్వాతి కథ చిన్నది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది, దాన్ని ప్రతిపాదించిన విలియం మెక్‌గ్రెగర్ కూడా స్కాట్లాండ్ నుంచి వచ్చి బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డ వ్యాపారే. తొలి పన్నెండు క్లబ్బుల్లో రోవర్స్ ఒకటి. కానీ సూటర్ ఆటలో అప్పటికి సంధ్య వాలింది. లీగులో అతడు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, 1888 డిసెంబర్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌పై, అదీ గోల్‌కీపర్‌గా. ఆట మానేశాక అప్పటి ఆటగాళ్లలో చాలామంది లాగే మద్యం దుకాణం, హోటల్ నిర్వహణలోకి వెళ్లాడు. పేరున్న ఆటగాడు గల్లా దగ్గర కూర్చుంటే జనం వస్తారన్నది సారా వ్యాపారుల లెక్క. 1916లో బ్లాక్‌పూల్‌లో చనిపోయాడు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. సూటర్ గురించి ఇంటర్నెట్‌లో కనిపించే వ్యక్తిగత విషయాల్లో, ముఖ్యంగా అతడు క్లబ్బు మారడానికి గల కుటుంబ కారణాల్లో, సిరీస్ కల్పించినవి తిరిగి చరిత్రగా చలామణీ అవుతున్నాయి. 2020 తర్వాత రాసిన వ్యాసం కనిపిస్తే, అందులోని విషయం అంతకుముందు ఎక్కడైనా ఉందా అని చూసుకోండి. మ్యాచ్ తేదీలు, స్కోర్లు ఆనాటి పత్రికల్లో ఉన్నాయి కాబట్టి వాటితో పెద్ద చిక్కు లేదు. డబ్బుకు సంబంధించిన మాటలకు మనకున్న మంచి ఆధారం 1902 ఇంటర్వ్యూ. అది పాతికేళ్ల తర్వాత గుర్తుచేసుకుని చెప్పినది, చెప్పినవాడికి అప్పటికి ఏ శిక్షా భయం లేదు, కాస్త గొప్పలు పోవాలన్న సరదా ఉండి ఉండవచ్చు. దాన్ని ఆ మేరకే నమ్మాలి.

మీరు అడగలేదు గానీ, చాలామంది అడిగే మరో ప్రశ్న ఉంది: ఇంత ఆడినవాడు స్కాట్లాండ్ జాతీయ జట్టుకు ఎందుకు ఆడలేదు? లాంగ్ రెండుసార్లు ఆడాడు, డగ్లస్ 1880లో ఆడాడు, సూటర్‌కు ఒక్కసారీ పిలుపు రాలేదు. ఇంగ్లండ్ వెళ్లి డబ్బుకు ఆడుతున్నవారిని స్కాట్లాండ్ సంఘం ద్రోహుల కింద లెక్కగట్టింది. వాళ్లు స్వదేశంలో ఆడకుండా నిషేధాలు పెట్టింది. సొంతగడ్డ మీద డబ్బు ఆటను ఆ సంఘం ఒప్పుకున్నది 1893లో, ఇంగ్లండ్‌కంటే ఎనిమిదేళ్లు ఆలస్యంగా. ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఆడుతున్న స్కాట్లాండ్ వాళ్లను ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు తీసుకోవడం 1896లో గాని మొదలుపెట్టలేదు. అప్పటికి సూటర్‌కు 38 ఏళ్లు, ఆట మానేసి చాలాకాలమైంది.